మంచు, వెన్నెల, లేని ఊళ్లు: ఏఐ చేత బొమ్మ వేయించడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మాది చిన్న డీటీపీ కొట్టు. పెళ్లి కార్డులు, ఉత్సవాల ఫ్లెక్సీలు, స్కూలు మ్యాగజైన్ల అట్టలు చేస్తుంటాం. ఈమధ్య కొట్టుకు వచ్చేవాళ్లు చాలామంది ఫోన్ చూపించి ఒకటే మాట అంటున్నారు: "నేను రాసింది ఒకటి, వచ్చింది ఇంకొకటి." గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం నుంచి వాట్సాప్‌లో అడిగేవాళ్లూ ఉన్నారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఫోన్‌లో ఇంగ్లీషు. మనందరిదీ అదే పరిస్థితి. అందుకని ఎక్కువగా అడిగేవాటికి నాకు తెలిసినంత వరకు జవాబులు ఇక్కడ రాసి పెట్టాను. ఫొటోలాంటి బొమ్మల కన్నా ఊహలో ఉండే దృశ్యాలూ, మంచూ, వాన, వెన్నెలా ఉండే దృశ్యాల గురించే ఎక్కువ రాశాను. జనం తడబడేది అక్కడే.

ప్రాంప్ట్ అంటే ఏమిటి?

బొమ్మ కావాలని ఏఐకి మాటల్లో ఇచ్చే వివరణ. చాట్‌జీపీటీ, జెమిని, మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్, ఏది వాడినా మొదలుపెట్టేది దీనితోనే.

మాటల్లోంచి బొమ్మ ఎలా వస్తుంది?

చిన్నప్పుడు మేడ మీద పడుకుని మబ్బుల్లో ఏనుగునో గుర్రాన్నో వెతుక్కునేవాళ్లం కదా. దాదాపు అలాంటిదే. వీటిలో చాలావాటి వెనక ఉన్న పద్ధతి పేరు డిఫ్యూజన్. సిగ్నల్ లేని పాత టీవీలో చుక్కలు కనిపించేవే, అలాంటి చుక్కల గందరగోళంతో అది మొదలవుతుంది. మెట్టు మెట్టుగా ఆ చుక్కలను తుడుస్తూ పోతుంది. ఏ మెట్టులో ఏ ఆకారం వైపు తుడవాలో చెప్పేవి మీ మాటలు. మాట మసకగా ఉంటే, ఇదివరకు తను ఎక్కువసార్లు చూసిన ఆకారం వైపే అది పోతుంది.

"అందమైన పల్లెటూరు" అంటే మన పల్లె రాదేం?

అది నేర్చుకున్నది ఇంటర్నెట్‌లోని బొమ్మల నుంచి, వాటి పక్కనున్న మాటల నుంచి. 2022లో విడుదలైన లైయాన్-5బి అనే సేకరణలో సుమారు 585 కోట్ల బొమ్మ-మాట జంటలు ఉన్నాయి. స్టేబుల్ డిఫ్యూజన్ మొదటి రూపాలు ఆ సేకరణలోని భాగాల మీదే నేర్చుకున్నాయి. అందులో ఇంగ్లీషు మాటలున్నవి 232 కోట్లు. మిగతా నూరు పైచిలుకు భాషలన్నీ కలిపి 226 కోట్లు. ఇక మిగిలినవి ఏ భాషో తేలనివి. ఆ నూటిలో తెలుగు ఒకటి. ఇక గుణుపురం పక్క పల్లె ఫొటో కింద సరైన మాట రాసి పెట్టినవాళ్లు ఎంతమంది ఉంటారో మీరే ఆలోచించండి.

అందుకే నేను అందరికీ మొదట చెప్పేది: పేరు రాయకండి, కంటికి కనిపించేది రాయండి. "మహేంద్రగిరి" అని రాస్తే ఏదో ఒక కొండ వస్తుంది. అదే "పచ్చని వెడల్పాటి కొండ, పైన చెట్లు లేని గడ్డి మైదానం, అక్కడక్కడ నల్లరాళ్లు, మధ్యలో చిన్న పాత రాతి గుడి, కిందుగా మబ్బులు" అని రాస్తే 1,501 మీటర్ల మన కొండకు బాగా దగ్గరగా వస్తుంది. "అందమైన", "అద్భుతమైన", "మనసు దోచే" లాంటి మాటలు బొమ్మకు ఏమీ చెప్పవు. అవి చూసినవాడి మాటలు. చూసింది ఏమిటో వాటిలో లేదు.

పొగమంచు అని రాస్తే బొమ్మంతా తెల్లగా అలికేసినట్టు వస్తోంది. కోరాపుట్ మంచులా ఎలా తేవాలి?

నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. నాకు ఎక్కువ ఇష్టమైనదీ ఇదే.

కోరాపుట్ వైపు నుంచి ఒక మాస్టారు స్కూలు మ్యాగజైను అట్ట కోసం వచ్చారు. శీతాకాలం పొద్దున, వలిసె చేను, మంచు కావాలన్నారు. ఆయన రాసుకొచ్చిన ప్రాంప్ట్ ఇది: "దట్టమైన పొగమంచులో అందమైన కోరాపుట్ ఉదయం, చాలా రియలిస్టిక్‌గా." వచ్చిన బొమ్మలో దేవదారు చెట్లు, పొగగొట్టమున్న చెక్క ఇల్లు. ఆయన "వలిసె పూలు" అని చేర్చారు. పొద్దుతిరుగుడు పూలు వచ్చాయి, ఒక్కోటి పళ్లెమంత.

ఇద్దరం కూర్చుని ఒక కాగితం మీద మూడు గీతలు గీసుకున్నాం. దగ్గర, మధ్య, దూరం. మంచు అంటే గాలిలో తేలే సన్నటి నీటిచుక్కలు. వెలుగును అవి నలుదిక్కులా చెదరగొడతాయి. మనకూ వస్తువుకూ మధ్య దూరం పెరిగేకొద్దీ చుక్కలు ఎక్కువ అడ్డొస్తాయి, వస్తువు అంతగా వెలిసిపోతుంది. కాబట్టి మంచు గురించి రాయడమంటే ఏది నిండుగా కనిపిస్తుందో, ఏది సగం కనిపిస్తుందో, ఏది గీతలా మిగిలిందో చెప్పడమే. చివరికి రాసింది ఇది:

"డిసెంబరు తెల్లవారుజాము, పొద్దు పొడవడానికి కాస్త ముందు. ముందు భాగంలో నడుమెత్తు మొక్కల చేను, చిన్న చామంతుల్లా రూపాయి బిళ్లంత పసుపుపచ్చ పూలు, ఆకుల మీద తడి మెరుపు. చేను పక్కన ఎర్రమట్టి బాట. బాట మీద తలమీదుగా దుప్పటి కప్పుకున్న ముసలాయన, వీపు మనవైపు, నడుము కింద మంచులో కలిసిపోయి. వెనక కొండ అంచు ఒక్కటే, లేత బూడిదరంగు గీతలా. పైన అంతా తెల్లటి మంచు. రంగులన్నీ వెలిసినట్టు, దగ్గరి పూల పసుపు మాత్రం నిండుగా. మనిషి కంటి ఎత్తు నుంచి చూసినట్టు."

మూడో బొమ్మకే మాస్టారు లేచి నిలబడ్డారు. "ఇది మా బాటే" అన్నారు. "కోరాపుట్" అనే మాట అందులో ఎక్కడా లేదని గమనించండి. "వలిసె" కూడా లేదు.

ఒక జాగ్రత్త. దట్టమైన మంచూ, చెట్ల మధ్య నుంచి దూసుకొచ్చే సూర్యకిరణాలూ రెండూ ఒకేసారి అడుగుతుంటారు. కిరణాలు కనిపించాలంటే మంచు పలచబడి ఉండాలి, సూర్యుడు కాస్త పైకి వచ్చి ఉండాలి. రెండింట్లో ఏదో ఒకటి తేల్చుకోండి. లేకపోతే ఏఐ సగం సగం కలిపి దేవుడి క్యాలెండరులా చేసి పెడుతుంది.

వెలుగు గురించి ఏం రాయాలి?

మన పెద్దవాళ్ల మాటల్లో వెలుగుకు ఎన్ని పేర్లో. తొలికోడి వేళ, బారెడు పొద్దు, మిట్టమధ్యాహ్నం, పొద్దువాలిన వేళ, అసురసంధ్య, మునిమాపు. వీటిలో కొన్నింటిని ఏఐ పట్టుకోలేదు. అయినా రాసుకోవడం మానకండి, ఎందుకంటే ఆ మాట మీకు దృశ్యాన్ని గుర్తుచేస్తుంది. తరువాత దాన్ని విడగొట్టండి: వెలుగు ఎటునుంచి, ఎంత ఎత్తు నుంచి, ఏ రంగులో, నీడ ఎంత పొడుగు. "బారెడు పొద్దు" అంటే పక్క నుంచి పడే పసుపు వెలుగు, గోడల మీద చెట్ల పొడవాటి నీడలు. "మిట్టమధ్యాహ్నం" అంటే నీడ కాళ్ల కిందే, రంగులు తెల్లబోయి.

వెన్నెల దగ్గర అందరూ ఒకే పొరపాటు చేస్తారు. వెన్నెలలో మన కంటికి రంగులు సరిగా ఆనవు. ఎర్రచీరైనా పచ్చచీరైనా బూడిదరంగులోనే కనిపిస్తుంది. కాబట్టి "రంగులు దాదాపు లేవు, నీలం కలిసిన బూడిద, ఒక్క కిటికీలో నారింజరంగు దీపం" అని రాయండి, రాత్రి దానంతట అదే వస్తుంది. ఇంకొకటి, ఏఐ గీసే చందమామ బానంత ఉంటాడు. ఈసారి పున్నమి నాడు చెయ్యి బాగా చాపి చిటికెన వేలు అడ్డం పెట్టి చూడండి, చందమామ మొత్తం వేలి వెనక దాక్కుంటాడు. "ఆకాశంలో చాలా చిన్న చందమామ" అని తప్పకుండా రాయండి.

అసలు లేనిదాన్ని, పూర్తి ఊహను, నమ్మేలా ఎలా రాయాలి?

వెయ్యి అబద్ధాలాడైనా పెళ్లి చేయమన్నారు గానీ, ఊహాచిత్రానికి ఒక్క అబద్ధం చాలు. చుట్టూ ఉన్నదంతా నిజం కావాలి.

మా నాయనమ్మ చిన్న రైలు గురించి తరచూ చెబుతుంది. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన లైను, 1931 నాటికి గుణుపురం దాకా వెళ్లింది. రెండున్నర అడుగుల గేజి. 2011 నుంచి ఆ దారిలో బ్రాడ్‌గేజి రైలు నడుస్తోంది, చిన్న రైలు మాత్రం పెద్దవాళ్ల మాటల్లో మిగిలింది. అది రాత్రిపూట మంచు మీద నడిచి వెళ్తున్నట్టు ఒక బొమ్మ చేసి ఆవిడకు చూపించాలనుకున్నాను.

మొదటిసారి ఉత్సాహం కొద్దీ అన్నీ పెట్టేశాను. ఎగిరే రైలు, మెరిసే పూలు, రెండు చందమామలు, నక్షత్రాల ధూళి. పిల్లల టూత్‌పేస్టు డబ్బా మీది బొమ్మలా వచ్చింది. రెండోసారి ఒక్కటే అబద్ధం ఉంచాను: రైలు కింద పట్టాలు లేవు, మంచు ఉంది. మిగతాదంతా నిజమే. బొగ్గు ఇంజను, మసి పట్టిన గొట్టం, మనిషి కన్నా కొంచెమే ఎత్తున్న చిన్న పెట్టెలు, చెక్క కిటికీలు, వరికోత అయిపోయిన పొలాలు, తాటిచెట్లు, వెనక కొండలు.

అసాధ్యమైన వస్తువు చుట్టుపక్కల వాటిమీద ఏదో ఒక పని చేయాలి. అప్పుడే కన్ను నమ్ముతుంది. కిటికీల పసుపు వెలుగు కింద మంచు మీద చతురస్రాలుగా పడుతున్నట్టు రాశాను. చక్రాలు తగిలిన చోట మంచు పాలమీగడలా చీలుతున్నట్టు రాశాను. పొగ వెనక్కి వాలినట్టు, తాటాకులు కూడా అదే వైపు ఊగినట్టు రాశాను. నీళ్లలో కోట కావాలంటే మెట్ల మీద పాచి, తలుపు మీద నీటి గుర్తు రాయండి. ఆకాశంలో పడవ కావాలంటే కింద పొలం మీద దాని నీడ రాయండి.

బొమ్మ చూసి నాయనమ్మ కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు ఏం మాట్లాడలేదు. తరువాత "ఆఖరి పెట్టె వెనక ఎర్రదీపం ఏదిరా?" అంది. నిజమే, మర్చిపోయాను. ఆ దీపం చేర్చాక మంచులో అది ఒక ఎర్రటి మరకలా వచ్చి, బొమ్మకు ప్రాణం పోసింది.

ప్రాంప్ట్ తెలుగులో రాయొచ్చా?

చాట్‌జీపీటీ, జెమిని లాంటివాటిలో నిశ్చింతగా రాయొచ్చు. మధ్యలో ఒడియా మాట పడినా సర్దుకుంటాయి. ముందు భాష అర్థం చేసుకుని తరువాత బొమ్మకు వెళ్తాయి కాబట్టి. స్టేబుల్ డిఫ్యూజన్ పాత రూపాల్లో అయితే ఇంగ్లీషే రాయండి. అవి ప్రాంప్ట్‌ను 77 టోకెన్లకు, అంటే మాట ముక్కలకు, మించి చదవవు, మొదలూ చివరా గుర్తులు తీసేస్తే మిగిలేవి 75. కంప్యూటర్లో తెలుగు సంకేతం ఒక్కోదానికి మూడు బైట్లు పడుతుంది, కాబట్టి నాలుగు తెలుగు మాటలకే ఆ సంచి నిండిపోతుంది. పైగా అది నేర్చుకున్నది ఇంగ్లీషు మాటలతో.

నేను మాత్రం ఎప్పుడూ ముందు తెలుగులోనే రాసుకుంటాను. "ముసురు" అనుకున్నప్పుడు కనిపించే బూడిదరంగు మధ్యాహ్నం, చూరు నుంచి ధారగా కారే నీళ్లు, అరుగు మీద తడికోడి, ఇవన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. "రెయిన్" అనుకుంటే నాకు గొడుగు తప్ప ఏమీ కనిపించదు. దృశ్యం మొత్తం కళ్ల ముందుకు వచ్చాక, అవసరమైతే దాన్ని ఇంగ్లీషులోకి మార్పించుకోండి.

"మనుషులు వద్దు" అని రాసినా మనుషులే వస్తున్నారు. ఎందుకు?

పాత పద్ధతుల్లో "వద్దు" అన్న మాటకు బలం తక్కువ, "మనుషులు" అన్న మాటకు బలం ఎక్కువ. స్టేబుల్ డిఫ్యూజన్‌లో వద్దనుకున్నవి రాయడానికి నెగెటివ్ ప్రాంప్ట్ అని వేరే గడి ఉంటుంది, అక్కడ రాయండి. ఆ గడి లేని చోట, లేనిదాని బదులు ఉన్నదాన్ని చెప్పండి. "మనుషులు లేని వీధి" అనకుండా "మూసిన తలుపులు, ఆరిన దీపాలు, అరుగు మీద నిద్రపోతున్న కుక్క" అనండి. పైన మంచు ప్రాంప్ట్‌లో "ఆకాశం వద్దు" అనకుండా "పైన అంతా తెల్లటి మంచు" అన్నది అందుకే.

సవర గోడబొమ్మలు అడిగితే వార్లీ బొమ్మలు వస్తున్నాయి. ఏం చేయాలి?

ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. వార్లీ గిరిజనులది మహారాష్ట్ర. సవరలు మన గజపతి, రాయగడ జిల్లాల వాళ్లు, మనతో సంతలో భుజం భుజం రాసుకుని తిరిగేవాళ్లు. ఇద్దరూ ఎర్రమట్టి గోడ మీద తెల్లగా సన్నటి మనుషులను వేస్తారు కాబట్టి దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. వార్లీ బొమ్మల ఫొటోలు ఇంటర్నెట్‌లో ఎక్కువ, సవర బొమ్మలవి తక్కువ. అందుకని ఏఐ రెండోదాన్ని మొదటిదానిలో కలిపేస్తుంది. వార్లీలో మనిషి ఒళ్లు రెండు త్రికోణాలు మొన దగ్గర కలిసినట్టు ఉంటుంది. సవర బొమ్మలో ఆ కోణాలు అంత పదునుగా ఉండవు, మనుషులు ఇంకొంచెం సాగి ఉంటారు. ముందు చుట్టూ అంచు గీసి, ఆ అంచు నుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు.

ఇదంతా ప్రాంప్ట్‌లో రాస్తే కొంత దగ్గరికి వస్తుంది. కానీ నా అభిప్రాయం అడిగితే, వద్దు. దాన్ని ఇడితాల్ అంటారు. దేవతల కోసం, పోయిన పెద్దల కోసం ఇంటి గోడ మీద వేసేది. అలంకారం కోసం వేసేది కాదు. మన పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకున్న గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. అలాంటి ఊళ్లో ఉంటూ మనం ఫోన్ నొక్కి వచ్చినదాన్ని "సవర చిత్రం" అని ఫ్లెక్సీ మీద వేయడం నాకు మనస్కరించదు. ఇడితాల్ కావాలని ఎవరైనా అడిగితే వేసేవాళ్ల దగ్గరికే పంపిస్తున్నాను.

ఒక చిత్రకారుడి పేరు రాసి "ఆయన వేసినట్టు" అనొచ్చా?

బతికున్నవాళ్ల పేరు నేను రాయను. రంగు పొడి రంగా, నీటి రంగా, గీత లావా సన్నమా, కాగితం గరుకా, ఇవి చెబితే కావలసిన తీరు వస్తుంది.

బొమ్మలో తెలుగు అక్షరాలు తప్పుగా వస్తున్నాయి.

వస్తాయి. ఒత్తులు, గుడులు కలగాపులగం అవుతాయి. అక్షరాలకు ఖాళీ జాగా వదలమని అడిగి, పేరు తరువాత మన ఫాంట్‌తో వేసుకోండి.

ఆ బొమ్మను ఫ్లెక్సీకి వాడొచ్చా?

ఎక్కువగా వచ్చేది 1024 పిక్సెళ్ల చదరపు బొమ్మ. పుస్తకం అట్టకు అడిగే 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అది మూడున్నర అంగుళాలు కూడా రాదు. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి 72 డీపీఐ చాలనుకున్నా పద్నాలుగు అంగుళాలే. పెద్దది చేసే అప్‌స్కేల్ సదుపాయం వాడాక తీసుకురండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఇంకా పాడవుతుంది, డాక్యుమెంటుగా పంపండి.

నిన్న వచ్చిన దృశ్యమే మళ్లీ ఎలా తెప్పించాలి?

ప్రతి బొమ్మా ఒక చుక్కల గందరగోళంతో మొదలవుతుందని చెప్పాను కదా. ఆ గందరగోళానికి ఒక నంబరు ఉంటుంది, సీడ్ అంటారు. స్టేబుల్ డిఫ్యూజన్, మిడ్‌జర్నీల్లో ఆ నంబరు, అదే ప్రాంప్ట్ దాచుకుంటే దాదాపు అదే బొమ్మ వస్తుంది. తరువాత ఒక్కో మాట మార్చి చూడండి. ఏ మాట ఏం పని చేస్తోందో తెలుసుకోవడానికి నాకు ఇంతకన్నా మంచి దారి కనబడలేదు. చాట్‌లో చేసేవాళ్లు పాత బొమ్మనే ఇచ్చి "ఇందులో ఇది మాత్రం మార్చు" అనండి.

పాతకాలం పర్లాకిమిడి, 1936 నాటి వీధులు చేయించుకోవచ్చా?

చేయించుకోండి, కానీ మూలన "ఊహాచిత్రం" అని రాయండి. నేను ఒకసారి రాయలేదు. నాయనమ్మ కోసం చేసిన చిన్న రైలు బొమ్మల్లో ఒకటి, పట్టాల మీద మామూలుగా నిలబడి ఉన్నది, బంధువులకు పంపాను. నెల తిరక్కుండా "చాలా అరుదైన పాత ఫొటో" అన్న మాటతో వేరే గ్రూపు నుంచి నాకే తిరిగొచ్చింది. కింద పెద్దవాళ్లు కన్నీళ్లు పెట్టుకుని జ్ఞాపకాలు రాశారు. వాళ్ల జ్ఞాపకాలు నిజం, ఫొటో మాత్రం నిజం కాదు. ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ వచ్చాను, చాలా టెన్షన్ పడ్డాను. కొన్ని కంపెనీలు తమ బొమ్మల్లో కంటికి కనిపించని గుర్తు పెడతాయి, గూగుల్ పెట్టేదాన్ని సింథ్‌ఐడీ అంటారు. కానీ గ్రూపులో బొమ్మ చూసే తాతగారికి అది కనిపించదు. మూలన రాసిన తెలుగు మాట కనిపిస్తుంది.

ఇప్పుడున్న మనుషుల మొహాలతో వాళ్లను అడక్కుండా చేసే బొమ్మలు మా కొట్టులో ప్రింటు చేయం.

వాసన, చప్పుడు, నిశ్శబ్దం లాంటివి ప్రాంప్ట్‌లో రాయొచ్చా?

రాయండి, కానీ వాటిని కంటికి కనిపించేలా మార్చి రాయండి. తొలకరి మట్టివాసన కావాలంటే, దుమ్ము మీద పడిన మొదటి చినుకుల గుంటలు, సగం తడిసి సగం పొడిగా ఉన్న అరుగు, పొలం నుంచి లేస్తున్న సన్నటి ఆవిరి రాయండి. గుడి గంట మోగిందంటే, గోపురం మీది నుంచి ఒక్కసారిగా లేచిన పావురాలు.

నిశ్శబ్దం అన్నిటికన్నా కష్టం. గుణుపురం నుంచి ఇంటర్ చదివే అమ్మాయి ఒకతె తన కథకు అట్ట కావాలని వచ్చింది. "అన్నయ్యా, ఊరంతా వెళ్లిపోయాక ఉండే నిశ్శబ్దం కావాలి" అంది. ఆ ఊళ్లో ఏం మిగిలి ఉంటుందని అడిగాను. కాసేపు ఆలోచించి, ఒక్కోటీ చెబుతుంటే రాసుకున్నాను. గిలక ఉన్న బావి, గిలక మీద చేద తాడు కదలకుండా వేలాడుతూ. బావిలో నీళ్ల మీద ఆకాశం, చిన్న అల కూడా లేకుండా. గోడ మీద క్యాలెండరు, పోయిన నెల పేజీ దగ్గరే. వాకిట్లో తులసి కోట, ప్రమిదలో ఎండిపోయిన వత్తి. తీసి ఉన్న తలుపు. గుమ్మం మీద పల్చగా దుమ్ము, దాని మీద పిల్లి అడుగులు ఒక వరస, లోపలికి వెళ్లినవే.